చెన్నపట్టణపు రేవునుండి విదేశములకు పనికై వెడలిన తెలుగు స్త్రీలు

చెన్నపట్టణమునకు కట్టుదిట్టమైన ఓడరేవు ఏర్పడకముందు దూరదేశములకు పోవు ఓడలు తీరమునకు చాల దూరమున లంగరు వేసికొని నిలుచుచుండెను. ఒడ్డునకును ఓడకును నడుమ మూడు నాలుగు వరుసల కెరటములు ఎడతెగక విరుగుచుండెడివి. సామాన్యమైన పడవ ఆ కెరటములలో నిలువజాలదు. కావున కొబ్బరినారతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవలలోనే మనుష్యులను, సరకులను ఓడకు చేర్చుచుండిరి. 1875 ప్రాంతమున ఆరంభమైన రేవు నిర్మాణము 1881 నాటి తుపానులో దెబ్బతిని, శతాబ్ది ముగియు కాలమునకు గాని ఒక రూపునకు రాలేదు. అంతవరకు ఈ తీరమునుండి మారిషసునకు, నేటాలునకు వెడలిన తెలుగు కూలీలందరును ఈ కుట్టుపడవలలోనే తమ దేశమును విడిచిరి. వారిలో స్త్రీలు కూడ గలరు. విశాఖపట్టణము మండలములోని మెట్టపల్లెలలోనో, ఉత్తర ఆర్కాడు కొండ దాపులనో పుట్టి, అంతకుమునుపు సముద్రమును కన్నెత్తియైనను చూడని స్త్రీలు వారిలో పెక్కుమంది.

ఓడల పేర్లు, చెరకుతోటల లెక్కలు, శాసనముల సంఖ్యలు వలసల చరిత్రలలో విరివిగా దొరకును. ఇంటిని విడిచి జీతమునకై సముద్రము దాటిన స్త్రీకి ఎట్టి రక్షణ కల్పింపబడెను, ఆ రక్షణ ఆమెకు ఎంతవరకు అందెను, తెలియని నేలపై ఆమె ఏ ఆధారముతో కుదురుకొనెను అను ప్రశ్నలకు మాత్రము ఆ చరిత్రలలో స్థలము తక్కువ. నేటి కువైటు, దుబాయి దేశములకు ఇంటిపనికై పోవుచున్న కడప, గోదావరి మండలముల స్త్రీల విషయమున గూడ ఈ ప్రశ్నలే మరల ఎదురగుచున్నవి గనుక పాత కథను కొంత నిదానముగ పరిశీలించుట అవసరము.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దగుటకు శాసనము 1833లో పుట్టెను. మారిషసులో అది 1835 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చెను. చెరకుతోటల యజమానులు అంతకు కొలది మాసముల ముందునుండియే హిందూదేశపు కూలీలకొరకు చేతులు చాచిరి. ఒప్పందముపై కూలీలను కొనిపోవు ఈ పద్ధతికి ఆంగ్లమున అగ్రిమెంటు అని పేరు. కూలీల నోట అదియే గిర్మిట్ అయ్యెను. మొదటి సంవత్సరములలో జరిగిన మోసములు కలకత్తాలోను లండనులోను అలజడి పుట్టించుటచే 1839లో ప్రభుత్వము ఈ వలసను నిషేధించినది. 1842లో మరల మారిషసునకు అనుమతించి, కలకత్తా, చెన్నపట్టణము, బొంబాయి రేవులలో మాత్రమే కూలీలను ఓడ నెక్కింపవలెనని, రేవునందు ఇందుకై అధికారి యుండవలెనని నిర్బంధించినది. కాలక్రమమున ఆ యధికారి బిరుదము ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, అనగా ప్రవాసుల సంరక్షకుడు, అని స్థిరపడినది. శాసనములు ఎన్నిమార్లు మారినను ఈ పేరు చెన్నపట్టణమున మారలేదు. 1983 నాటి ప్రవాస శాసనము క్రింద గూడ అదే పేరుతో అదే పదవి ఇచట కొనసాగినది.

సంరక్షకునికి ప్రతిగా ఒక్కొక వలసరాజ్యము తన పక్షమున నొక ఏజంటును నియమించుకొనెడిది. ఏజంటుక్రింద డిపో యుండును, డిపోకు మనుష్యులను చేర్చుటకు లైసెన్సు గల సేకర్తలుందురు. వీరికి తలకింత యని ప్రతిఫలము. ఉత్తరదేశమున ఇట్టి సేకర్తను అర్కాటీ యందురు. ఆ మాట మన ఆర్కాడు నుండియే పుట్టినదని కొందరి యూహ. అది నిజమైనను కాకపోయినను దక్షిణదేశమునకు అది ఏమంత గౌరవము తెచ్చు సంగతి కాదు.

ఇట స్త్రీల విషయమున ఒక ముఖ్యమైన నియమమును గమనింపవలెను. తొలుత ఓడలలో పురుషులే అధికము. తోటలలో స్త్రీలు లేకపోవుటచే కలహములు, హత్యలు ప్రబలుచున్నవని ఫిర్యాదులు రాగా, నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలు తప్పక ఓడలో నుండవలెనను నియమము 19వ శతాబ్ది ఉత్తరార్ధమున స్థిరపడినది. ఏడుగురు ప్రయాణికులలో ఇద్దరు స్త్రీలన్నమాట. పైకి ఇది స్త్రీల మేలునకై చేసినదిగనే కనబడును. ఆచరణమున దాని ఫలితము వేరు. నలువది నిండనిదే ఓడ కదలదు. ఓడ కదలనిదే ఏజంటునకు రోజుకింత నష్టము. కనుక సేకర్తకు స్త్రీ యనగా లెక్కకు తక్కువైన వస్తువయ్యెను. కలకత్తాలో స్త్రీని తెచ్చినవానికి పురుషుని తెచ్చినవానికంటె హెచ్చు ప్రతిఫలము ఇచ్చుచుండినట్లు నివేదికలు చెప్పుచున్నవి. అత్తవారింట కలహించి వెడలినది, భర్త పోయి పుట్టింట బరువైనది, కరువులో బిడ్డను చంకబెట్టుకొని సత్రము గడపకు చేరినది, ఇట్టివారే అతని కంటికి మొదట కనిపించిరి.

కరువు అన్నమాట ఇట ఊరక చెప్పినది కాదు. 1866లో గంజాము మండలమును, 1876 మొదలు 1878 వరకు రాజధాని యంతటిని పీడించిన కరువులు వలసకు పెద్ద త్రోవ తెరచెను. ఈ రెండవదానినే తెలుగువారు ధాత కరువని నేటికిని చెప్పుకొందురు. గోదావరి డెల్టాకు ఆనకట్ట నీరు 1852 నాటికే అందినది గాని, దాని ఉత్తరమున విశాఖపట్టణపు మెట్టభూములకు ఆ భాగ్యము లేదు. నేటాలు ఓడల పట్టికలలో విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాడు మండలముల పేర్లు తరచుగా కానవచ్చుటకు ఇది యొక కారణము. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాడులోనే యుండెను గనుక, ఆ పట్టికలలో ఆర్కాడు వారనబడినవారిలో తెలుగువారి సంఖ్య స్వల్పమనుకొనరాదు.

1883 నాటి శాసనము ప్రకారము కూలీగా పోగోరువారిని వారి మండలములోనే ఒక అధికారి యెదుట నిలిపి, ఒప్పందపు షరతులు తెలియజెప్పి, తమ యిష్టముతోనే పోవుచున్నారా యని ప్రశ్నింపవలెను. తరువాత డిపోలో వైద్యపరీక్ష. ఆ పిమ్మట ప్రవాసపత్రము. ఆ పత్రమున పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, గ్రామము, ఠాణా, జిల్లా, దగ్గరి బంధువు పేరు, వివాహితయైనచో భర్త పేరు, చివరకు దేహమున నుండు పుట్టుమచ్చ, గాయపు మచ్చ కూడ వ్రాయబడెను. ఇంత వివరముగ వ్రాసిన పత్రమున ఆమె మాటలాడు భాష యేదో తెలుపు గడి మాత్రము లేదు. ఆమెను కొనుక్కొన్నవారికి ఆమె ఎత్తు తెలియవలసి యుండెను గాని ఆమె మాట తెలియవలసిన పని లేకపోయెను. తరువాతి కథలో ఈ లోపమే పెద్ద గండమైనది.

డిపోలో ఒంటరి స్త్రీలను వేరుగ నుంచిరి. ఓడలో నైతే ముందుభాగమున ఒంటరి పురుషులు, నడుమ కుటుంబములు, వెనుకభాగమున ఒంటరి స్త్రీలు. ఇది కాగితము మీది యేర్పాటు. దానికంటె గట్టి యేర్పాటు నొకదానిని స్త్రీలు తామే చేసికొనిరి. డిపోలో ఎదురుచూచు దినములలోనే పరిచయమైన పురుషునితో భార్యాభర్తలుగ నమోదు చేయించుకొని ఓడ నెక్కిన జంటలు పెక్కు గలవు. వీనికి డిపో వివాహములని పేరు. ఆ కాలపు అధికారులు, తోట యజమానులు ఇందులో నీతిహీనతను మాత్రమే చూచిరి. ఆ యభిప్రాయము న్యాయమైనది కాదు. తల్లిదండ్రులు లేరు, కులపెద్దలు లేరు, దేశము దాటవలెను. అట్టి చోట ఒకని పేరు తన పేరు ప్రక్కన వ్రాయించుకొనుట ఆమెకు అందుబాటులోనున్న ఏకైక రక్షణోపాయము. ఉత్తరదేశపు స్త్రీల పత్రములను పరిశీలించిన ఫిజీ చరిత్రకారుడు బ్రిజ్ వి. లాల్, కూలీ స్త్రీలందరును చెడునడత గలవారను పాతమాట తోటలలోని దుర్భర పరిస్థితులను కప్పిపుచ్చుటకు పనికివచ్చిన సాకు మాత్రమే యని చూపినాడు. ఒకే ఓడలో పోయినవారు జీవితాంతము తోబుట్టువులవలె మెలగుట, వారి బిడ్డలకు పరస్పరము వివాహములు చేయక సోదరభావము పాటించుట వలస దేశములన్నిటను కానవచ్చిన ఆచారము. ఈ ఓడ చుట్టరికము కూడ శాసనము ఇచ్చినది కాదు.

నేటాలునకు మొదటి ఓడ చెన్నపట్టణము నుండియే పోయినది. ట్రూరో యను పేరుగల ఆ ఓడ 1860 అక్టోబరులో బయలుదేరి నవంబరు 16వ తేదీన 342 మందితో దర్బాను చేరెను. పురుషునకు మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము, ఏటేట ఒక షిల్లింగు పెంపు. స్త్రీకి అందులో సగము. తిండిగింజల కొలతయు సగమే. ఆమె పని సగమా యని అడిగినవారు లేరు. 1860 మొదలు 1911 వరకు నేటాలు చేరిన హిందూదేశస్థులు 1,52,184 మంది. వారిలో మూడింట రెండు వంతులు చెన్నపట్టణపు రేవునుండి పోయినవారు.

మొదటి ఓడలలో పోయినవారి పదియేండ్ల గడువు 1870 ప్రాంతమున తీరెను. తిరుగు ప్రయాణపు హక్కు గలవారు 1871లో రెడ్ రైడింగ్ హుడ్ అను ఓడపై చెన్నపట్టణము చేరిరి. వీరు ఒడ్డునకు దిగి ఇండ్లకు పోయి యూరకుండలేదు. కొరడాదెబ్బలు, ఇయ్యని జీతములు, రోగియైనచో జీతపు కోత, ఇవి యన్నియు రేవులోని సంరక్షకుని యెదుట చెప్పి వాంగ్మూలము లిచ్చిరి. నేటాలునకు కూలీల పంపిణీ 1866లోనే అచటి ఆర్థిక మాంద్యముచే నిలిచియుండెను. తిరిగి ప్రారంభింపగోరిన నేటాలు ప్రభుత్వమునకు, ఈ ఫిర్యాదులకు సమాధానము చెప్పనిదే మనుష్యులను పంపజాలమని హిందూదేశ ప్రభుత్వము తెలిపెను. ఆ పైన 1872లో కూలీ కమిషను నియామకము, నేటాలులోనే ఒక సంరక్షకుని యేర్పాటు, 1874లో వలస పునఃప్రారంభము వరుసగ జరిగెను. కమిషను చేసిన మార్పులు స్వల్పములే. నేటాలు సంరక్షకుడు తోటదొరల వైపే మొగ్గునని తరువాతి కాలమున ఎన్నో ఫిర్యాదులు వచ్చినవి. అయినను ఒక సంగతి ఇందు స్పష్టము. పదకొండేండ్లలో ఏ నియమమును చేయలేని పనిని, తిరిగివచ్చిన కూలీలు రేవు ఒడ్డున నిలిచి చెప్పిన మాట చేసినది. అంతవరకు చెన్నపట్టణమునుండి దూరదేశమునకు ఆజ్ఞలు పోవుటయే గాని దూరదేశమునుండి చెన్నపట్టణమునకు సమాచారము వచ్చుట లేదు. మాట వెనుకకు రాగలిగిన చోట కొంత రక్షణ కలిగినది, రాలేని చోట సంరక్షకుని పదవి పేరుగనే నిలిచినది.

ఈ సూత్రమును మనస్సున నుంచుకొని చూచినచో నేటాలులో తరువాత జరిగిన మూడు పౌనుల పన్ను వృత్తాంతము సుబోధమగును. 1895 నాటి శాసనముచే, ఒప్పందము తీరి నేటాలులో నిలిచిపోగోరు ప్రతి వ్యక్తిపై ఏటికి మూడు పౌనుల పన్ను విధింపబడెను. పదునారేండ్లు దాటిన మగపిల్లవాడును, పదమూడేండ్లు దాటిన ఆడపిల్లయును ఇందులోనికి వచ్చిరి. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలిద్దరు గల సంసారము ఏటికి పన్నెండు పౌనులు కట్టవలెను. నెలకు పదునాలుగు షిల్లింగులు తెచ్చు ఇంటికి అది ఏడాది సంపాదన యంతయు చాలనంత మొత్తము. ఆడపిల్లపై పన్ను వేయుట ఆమెను మరల తోట ఒప్పందములోనికో, అంతకంటె హీనమైన దారిలోనికో నెట్టుటయే. 1896 అక్టోబరు 26న గాంధీగారు చెన్నపట్టణమున పచ్చయప్ప మందిరములో దక్షిణాఫ్రికా హిందూదేశస్థుల కష్టములను వివరించిరి. ఏ పట్టణపు రేవునుండి ఆ కూలీలు పోయిరో ఆ పట్టణముననే వారి కథ బహిరంగముగ చెప్పబడుట అదియొక ముఖ్య సందర్భము. ఆ పన్ను 1913 సమ్మె తరువాత 1914లో గాని తొలగలేదు. 1913లోనే హైందవ, మహమ్మదీయ పద్ధతుల వివాహములు చెల్లవన్న న్యాయస్థానపు తీర్పు వచ్చినప్పుడు స్త్రీలు స్వయముగ సత్యాగ్రహములోనికి దిగిరి. భార్య యను పేరే చట్టము ముందు నిలువనిచో పరదేశమున స్త్రీకి మిగులునది ఏమి?

నేటాలు కథ కొంతవరకు ఊరట కలిగించును గాని ఫిజీ కథ అట్టిది కాదు. ఫిజీకి 1879 నుండియే కలకత్తా ఓడలు పోవుచుండెను. చెన్నపట్టణము నుండి మొదటి ఓడ ఎల్ఫిన్‌స్టన్ 1903లో పోయెను. అటు తరువాత పదునాలుగేండ్లలో ఈ రేవునుండి సుమారు 15,000 మంది పోయిరి. ఉత్తర ఆర్కాడు, చెన్నపట్టణము, కృష్ణ, గోదావరి, విశాఖపట్టణము మండలములు అందు ముఖ్యములు. వీరు చేరునప్పటికే అచట ఇరువదియేండ్లుగ స్థిరపడిన హిందూస్తానీ రాజ్యమేలుచుండెను. సర్దారు పని చెప్పునది ఆ భాషలో, అంగడిలో బేరము ఆ భాషలో, ఆసుపత్రిలో వైద్యుని మాటకు అర్థము చెప్పువాడును ఆ భాషవాడే. తెలుగు, తమిళము, మలయాళము మాటలాడువారినందరిని ఒక్క ముద్దగా మద్రాసీలనిరి. ప్రవాసపత్రమున భాష యను గడి లేకపోవుట వలన కలిగిన కీడు ఇచట బయటపడినది. కృష్ణాతీరమునుండి పోయిన స్త్రీ తన దేశపువారితో నిండిన పట్టణములో ఒంటరిదయ్యెను. తనపై అన్యాయము జరిగినచో ఫిర్యాదు చేయుటకు ఆమెకు మొదట మరియొక భాష నేర్వవలసివచ్చెను.

నివాసములు ఇంకను విషమములు. కూలీల ఇండ్లను లైన్లని పిలిచిరి. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల ఒక్కొక్క గదిలో ముగ్గురు పురుషులనో, లేదా ఒక దంపతుల జంటను వారి బిడ్డలతోనో ఉంచిరి. గదికిని గదికిని నడుమ గోడ కప్పువరకు పోదు. పైభాగమున తీగవల మాత్రమే. అటువైపు దగ్గిన ఇటువైపు వినబడును. సంసారమునకు వలసిన మరుగు అట్టి ఇంట నుండజాలదు. పురుషునకు రోజుకు పన్నెండు పెన్నీలు, స్త్రీకి తొమ్మిది. అదియు పూర్తి పని పూర్తిచేసిన దినముననే. అచటి హిందూదేశస్థులలో ఆత్మహత్యలు అధికముగ నుండినవని, దక్షిణాదివారిలో అవి మరింత హెచ్చని చరిత్రకారులు గుర్తించిరి.

1912లో గోరఖ్‌పూరు ప్రాంతమునకు చెందిన కుంతి యను స్త్రీ, ఇతర కూలీలకు దూరముగ ఒంటరిగ పనికి నియోగింపబడి, ఓవర్సీయరు దౌర్జన్యమునుండి తప్పించుకొనుటకు నదిలో దూకెను. సమీపమున చిన్న పడవలోనున్న బాలుడు ఆమెను రక్షించెను. ఇట్టివి జరుగుట క్రొత్త కాదు. ఆమె మాట 1913లో కలకత్తా పత్రికయగు భారతమిత్రలో వెలువడుట క్రొత్త. ఒక కూలీస్త్రీ స్వయముగ చెప్పిన కథను చదివి దేశము కలవరపడెను, ప్రభుత్వము విచారణ కోరెను. రెడ్ రైడింగ్ హుడ్ ఒడ్డునకు తెచ్చిన మాటవలెనే ఈ మాటయు వెనుకకు వచ్చి పనిచేసినది. సి. ఎఫ్. ఆండ్రూస్, పియర్సనుగార్లు 1915లో ఫిజీ పోయి నివేదిక సమర్పించిరి. 1917 జనవరిలో అలహాబాదున సరోజినీ నాయుడుగారు ఈ పద్ధతిని ఖండించుచు ప్రసంగించిరి. అదే యేట మార్చిలో కూలీల సేకరణ నిలుపబడెను. 1918లో ఆస్ట్రేలియా స్త్రీల సంఘములు పంపగా కుమారి గార్న్‌హాము ఫిజీ పోయి, అచటి కుటుంబ జీవనమును గూర్చి విడిగ విచారించెను. 1920 జనవరి 1వ తేదీతో ఫిజీలోని ఒప్పందములన్నియు రద్దయినవి. పురుషుల జీతమును గూర్చి ఎనుబదియేండ్లు వాదించినను కదలని వ్యవస్థ స్త్రీల మానరక్షణ ప్రశ్న రాగానే కూలుట గమనింపదగినది.

బర్మా సంగతి క్లుప్తముగ చెప్పిన చాలును. గంజాము, విశాఖపట్టణము, గోదావరి తీరముల రేవులనుండి రంగూనునకు స్టీమరులు తరచుగ నడచినవి. తెలుగువారిని అచట కోరంగీలనిరి. మేస్త్రీలక్రింద పోయినవారు దాదాపుగ అందరును పురుషులే. స్త్రీ ఊరనే నిలిచి మనియార్డరుకై ఎదురుచూచెను. ఆమె కథ వేరొక వ్యాసమునకు తగినది.

మలయా పద్ధతి భిన్నము. అచటికి ఒప్పందపు కూలీ 1910లో నిలిచి, కంగాణీల చేతిలోని వలస ప్రబలమయ్యెను. కంగాణీ తోటలో పనిచేసినవాడే తన యూరికి వచ్చి తన బంధువులను, తన వీథివారిని కొనిపోవును. చెన్నపట్టణమునకు దగ్గరనున్న ఆవడిలోను, నాగపట్టణములోను మలయా ప్రభుత్వపు డిపోలుండెను. ఈ మార్గమున పోయిన స్త్రీ భర్తతోనో, అన్నదమ్ములతోనో పోయినది. లైనులో ప్రక్కగదివారు ఆమె మాటనే మాటలాడిరి. నేటాలు, ఫిజీ స్త్రీకి కరవైన రెండు రక్షణలు, చుట్టరికము, భాష, ఈమెకు దక్కినవి. అందులకు వెల లేకపోలేదు. కంగాణీకి అప్పు పడినవారు అతనికి లొంగియుండవలెను, పెద్దమనిషి తానే అన్యాయము చేసినచో చెప్పుకొనుటకు చోటు లేదు. అయినను దిగువ పేరాకు తోటలలో తెలుగు పలుకు తరతరములు నిలుచుటకు, 1955లో అచట ఆంధ్ర సంఘము ఏర్పడుటకు స్త్రీలు కుటుంబములతో పోవుటయే మూలము.

కుటుంబములు ఆలస్యముగ ఏర్పడిన దేశములలోను స్త్రీలు చేసిన పని తక్కువది కాదు. మారిషసులో తెలుగు ఇంటిభాషగ నిలువలేదు, క్రియోలు దాని స్థానమును గైకొన్నది. కాని సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన నిలిచినవి. మాట పోయినను మ్రొక్కు పోలేదు. వంటయింటిలో, పూజామందిరములో స్త్రీలు పట్టుకొన్నది ఎక్కువకాలము నిలిచినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? మారిషసు ఆంధ్ర మహాసభ 1947లోను, దక్షిణాఫ్రికాది 1931లోను, ఫిజీలో దక్షిణ హిందూ ఆంధ్ర సంఘము 1941లోను పుట్టినవి. ఈ సంఘములు పుట్టునప్పటికి మొదటి ఓడల స్త్రీలలో జీవించియున్నవారు స్వల్పము. వారికి అవసరమైన కాలమున ఇట్టి సంఘము ఒక్కటియు లేదు.

1922 శాసనము కూలీ వలసను అదుపుచేసెను, 1938లో మలయాకు సహాయవలస నిలిచెను, యుద్ధము వచ్చెను. 1970 దశాబ్దమున గల్ఫు దేశముల చమురుసంపద పెరుగుటతో తెలుగు స్త్రీ మరల ఒంటరిగ సముద్రము దాటెను. ఈ మారు విమానములో. కడప మండలము, తూర్పు, పశ్చిమ గోదావరి మండలములు ఇందు ముందున్నవి. ఇంటిపనికి పోవు స్త్రీని అరబ్బీ మాటను పట్టి ఖద్దామా యందురు. తోటకూలీకి లైనులో పదిమంది తోడుండిరి. ఖద్దామాకు యజమాని ఇల్లే లోకము. ఆమె బయటి మనిషిని చూచుట, ఫోను పట్టుట, ఊరికి తిరిగిపోవుట అన్నియు వీసా నిచ్చిన యజమాని దయపై నాధారపడునట్లు కఫాలా పద్ధతి చేసినది. పాస్‌పోర్టును యజమాని తన పెట్టెలో దాచుట సామాన్యమైనది. కువైటు 2015లో ఇంటిపనివారికి ప్రత్యేక శాసనము చేసి, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారమునకొక విశ్రాంతిదినము, ఏటికొక మాసపు సెలవు నిర్ణయించినది. తలుపు వేసిన ఇంటిలో ఆ గంటలను లెక్కించు వారెవ్వరనునది వేరు ప్రశ్న.

హిందూదేశ ప్రభుత్వము 1983 శాసనము క్రింద, పదవ తరగతి దాటనివారు కొన్ని దేశములకు పనికి పోవుటకు సంరక్షకుని అనుమతి కావలెనని నిర్ణయించినది. అట్టి స్త్రీలకు ముప్పదియేండ్లు నిండవలెనని అటుపిమ్మట నియమించినది. 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజనను ప్రవేశపెట్టినది. 2016 ఆగస్టు 2 నుండి ఈ తరగతి స్త్రీలను ప్రభుత్వ సంస్థలద్వారా మాత్రమే పంపవలెననెను. తమిళనాట 1978లో స్థాపితమైన సముద్రాంతర మానవవనరుల సంస్థ, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల తత్సమాన సంస్థలు అట్టివి. నర్సుల విషయమున 2015లోనే ఇట్టి కట్టుబాటు వచ్చినది. చెన్నపట్టణమునుండి పోవు నర్సు చదువుకొన్నది, సంఘములో నొకతె, జీతపుపత్రము చదువగలది. ఆమెకు ఈ నియమములు నిజముగ ఉపకరించినవి. ఇంటిపనికి పోవు స్త్రీకి అవి అంతగా అందలేదు.

19వ శతాబ్దిలో శాసనము నలువది యను సంఖ్య నిండవలెనని స్త్రీలను లాగినది. నేటి శాసనము ముప్పది యను సంఖ్య నిండవలెనని వారిని ఆపుచున్నది. ఉద్దేశములు పరస్పర విరుద్ధములు, మార్గము ఒక్కటే. రెండింటను స్త్రీ మాటకు బదులు ఒక అంకె నిలిచినది. నాటి సేకర్త నలువదిని నింపుటకు మోసము చేసెను. నేటి దళారి ముప్పదిని తప్పించుకొనుటకు సందర్శక వీసాను చేతబట్టించును. సందర్శకురాలికి సంరక్షకుని అనుమతి అక్కరలేదు. ఇరువదియెనిమిదేండ్ల స్త్రీ దుబాయి చూడబోవుచున్నట్లు విమానమెక్కి, అచట దిగి, పనిలో చేరును, లేదా అచటినుండి మరియొక దేశమునకు తరలింపబడును. ఆమె పేరు చెన్నపట్టణపు రిజిస్టరులో నుండదు. బీమా లేదు, ఒప్పందపు ప్రతి లేదు, రాయబార కార్యాలయమున ఆమె యజమాని పేరు లేదు. 1871లో రెడ్ రైడింగ్ హుడ్ నుండి దిగిన కూలీ తన తోట పేరు, దొర పేరు చెప్పినప్పుడు, అతనిని ఎవరు ఎప్పుడు పంపిరో తెలుపు పట్టిక సంరక్షకుని బల్లపై నుండెను. సందర్శక వీసాపై పోయి తిరిగివచ్చిన స్త్రీ అదే కార్యాలయపు గడప నెక్కినచో, మొదట తాను పనికి పోయితినని ఋజువు చేసికొనవలసియుండును.